నూట యాభై కుర్చీల సముద్రం

మా చెల్లెలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, తన పెళ్ళి సముద్రం ఒడ్డున చేయాలని అబ్బాయివాళ్ళు అనుకుంటున్నారని చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా వంశంలో సముద్రం ఒడ్డున కాకుండా పెళ్ళి చేసుకున్నవాడు ఒక్కడూ లేడు. జాలరిపేటలో గుమ్మం దిగితే ఇసకే. పెళ్ళిరాట పాతేది ఇసకలో, గాడిపొయ్యి తవ్వేది ఇసకలో, విస్తరాకు పరిచేది ఇసక మీద, పప్పన్నంలో పంటికి తగిలేదీ ఆ ఇసకే. అది గొప్ప సంగతని మాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"అది కాదన్నా. డెస్టినేషన్ వెడ్డింగ్," అంది చెల్లెలు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయింది. నేను స్టీలుప్లాంటులో టెక్నీషియన్‌ని, ఉక్కునగరం క్వార్టర్లో పెళ్ళాంపిల్లలతో ఉండేవాణ్ణి. చెల్లెలు ఇంజినీరింగు చదివి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేది. అక్కడే తనతో పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయి మంచివాడు. అతని తల్లిదండ్రులు ఇంకా మంచివాళ్ళు. మేం చేపలు పట్టుకు బతికేవాళ్ళమని తెలిసి మొహం చిట్లించలేదు సరికదా, తెగ ముచ్చటపడిపోయారు. మొహం చిట్లించి ఉంటే ఏదో ఒకటి దెబ్బలాడుకుని తేల్చుకునేవాళ్ళం. ముచ్చటపడిన వాళ్ళతో ఏం దెబ్బలాడతాం?

డెస్టినేషన్ వెడ్డింగ్ అంటే ఏమిటో చెల్లెలు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఉన్న ఊరు వదిలి అందమైన చోటికి వెళ్ళి, కావలసిన నలుగురి మధ్య ప్రశాంతంగా చేసుకునే పెళ్ళి. కాబోయే అత్తగారు బాగా ఆలోచించి ఎంచుకున్న ఆ అందమైన చోటు విశాఖపట్నం. భీమిలి దారిలో సముద్రాన్ని ఆనుకుని ఒక రిసార్టు. వాళ్ళకది రాత్రంతా రైలెక్కి రావలసిన దూరం. మా అమ్మ గుమ్మం నుంచైతే ఆటోలో అరగంట. అంటే మేం మా ఊరు వదిలి, మా ఊరికే వెళ్ళి, మా సముద్రం పక్కనే, మాకు పరిచయం లేని ఏర్పాట్ల మధ్య ప్రశాంతంగా ఉండాలన్నమాట.

"అమ్మకి నువ్వే చెప్పన్నా," అంది చెల్లెలు. కష్టమైన మాటలు అమ్మకి చెప్పడానికి నేనున్నాను. అన్నగా పుట్టినందుకు నాకు అప్పజెప్పిన ఉద్యోగం అదొక్కటే.

అమ్మ జాలరిపేటలోనే ఉండేది. క్వార్టరుకి తీసుకొస్తే నాలుగో రోజుకే, "ఈ ఊర్లో గాలి సప్పగుందిరా," అని వెళ్ళిపోయిన మనిషి. రోజూ ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఎంవీపీ కాలనీ వీధుల్లో అమ్ముకొచ్చేది. నేను ఐటీఐలో ఉండగా, చెల్లెలికి మూడేళ్ళప్పుడు, మా నాన్న వేటకెళ్ళి తిరిగిరాలేదు. గాలీ లేదు, వానా లేదు. తెప్ప వచ్చింది, నాన్న రాలేదు. అప్పుడు మా వీధి మూడు రోజులు వేట ఆపేసింది. ఉన్న ప్రతి పడవా నాన్న కోసం వెతకడానికి వెళ్ళింది తప్ప ఒక్కటీ వల వేయలేదు. మూడో రోజు సాయంత్రం ఇక చాలని చెప్పింది అమ్మే. మూడు రోజులు పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్నో ఆమెకి తెలుసు.

మా వీధిలో పడవలు చావుకే కాదు, పెళ్ళికీ ఆగుతాయి. పెళ్ళి ఇంకో వారం ఉందనగా పెళ్ళివారి ఆడవాళ్ళు గడపగడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తారు. బొట్టు పెట్టించుకున్న ఇంటి పడవ పెళ్ళిరోజు నీళ్ళలోకి దిగదు. కాగితం రాసుకున్న నియమం కాదు, ఎవరూ వచ్చి తనిఖీ చేయరు, జరిమానా లేదు. తొంభైల్లో నా పెళ్ళి జరిగినప్పుడు అమ్మ వదిన వరస వాళ్ళని వెంటబెట్టుకుని రెండు రోజులు తిరిగి బొట్టు పెట్టింది. ఆ పొద్దున్న తెప్పలన్నీ ఒడ్డున వరసగా పడుకుని ఉంటే వాటి మీద కూర్చుని పిల్లలు జంతికలు తిన్నారు. మైకులో పాట పగిలిపోయేది, ఇద్దరు మామలు తాగి ఒకరినొకరు కౌగిలించుకుని ఏడ్చారు, వంకాయకూర చాలక మళ్ళీ వండారు. నాకప్పుడు అదంతా మహా చిరాగ్గా అనిపించింది. ప్లాంటు నుంచి వచ్చిన నా తోటివాళ్ళు చూస్తున్నారని తల దించుకుని కూర్చున్నాను.

అమ్మకి విషయం చెప్పాను. రిసార్టు, ఇసక మీద మండపం, హైదరాబాదు చుట్టాలు, అన్నీ. అమ్మ రొయ్యలు వలుస్తూ విన్నది.

"ఎక్కడైనా సెయ్యండి. ఎలగైనా సెయ్యండి. సముద్రం మజ్జిన సేత్తానన్నా నానొత్తాను," అంది. "నాకు ఒక్కటే గావాల. నా పిల్ల పెళ్ళినాడు పడవలాగాల."

"అది మన వీధి పెళ్ళిళ్ళకి కదమ్మా..."

"ఇదేటి, పక్కూరోళ్ళ పెళ్ళేటి? మీ బాబు పోనపుడు మూడ్రోజులాగినాయి. ఆ పిల్ల నా ఒళ్ళో ఉంది, దానికేటీ తెల్దు. ఆయాల దాని కోసం ఆగినోళ్ళు, మంచికి ఒక్కనాడు ఆగితే సూడాలని ఉందిరా నాకు. ఇంకేటీ అడగను."

నిజంగానే ఇంకేమీ అడగలేదు. చీర అడగలేదు, పెట్టుపోతల మాట ఎత్తలేదు, మండపం ఎలా ఉంటుందని కూడా అడగలేదు. ఆగుతాయిలేమ్మా అని తేలిగ్గా అనేశాను. నాకు తేలికైన మాటలు చాలా వచ్చు.

తరువాతి ఆదివారం అబ్బాయి తల్లిగారూ, పెళ్ళి ఏర్పాట్లు చేసే కంపెనీ కుర్రవాడూ రిసార్టు చూడ్డానికి వచ్చారు. కుర్రవాడని అన్నాను గానీ ముప్పై ఏళ్ళుంటాయి, చేతిలో ల్యాప్‌టాపు, చొక్కా జేబులో నల్లకళ్ళద్దాలు. వాడు నన్ను ఇసక మీద నడిపిస్తూ సముద్రం గురించి చెప్పాడు. "సార్, అలలు ఇటువైపు నుంచి వస్తాయి," అన్నాడు. అవునా అన్నాను. "మార్నింగ్ టైమ్‌లో బ్రీజ్ సూపర్‌గా ఉంటుంది సార్." సంతోషం అన్నాను. మా తాత ముత్తాతలు తరాల తరబడి చదువులేని వాళ్ళు కావడం వల్ల ఇవేవీ తెలియక ఊరికే వేటకెళ్ళిపోయేవారు పాపం.

అబ్బాయి తల్లిగారు చెప్పులు చేతిలో పట్టుకుని అలల్లో పాదాలు తడుపుకుంటూ నా వైపు తిరిగారు. "ఎంత అదృష్టవంతులు బాబూ మీరు! రోజూ సముద్రమే కదా!" అన్నారు. ఆ మాటలో వెటకారం ఇసుమంతైనా లేదు. మా నాన్నా అలాగే అనేవారండీ అనబోయి, పాపం తగులుతుందని ఊరుకున్నాను.

కుర్రవాడు ల్యాప్‌టాపు తెరిచి మండపం బొమ్మ చూపించాడు. నాలుగు స్తంభాలకీ చేపల వలలు వేలాడుతున్నాయి. అటొక తెడ్డు, ఇటొక తెడ్డు. ముందర చిన్న పడవ, దాన్నిండా బంతిపూలు. "ఫిషర్‌మ్యాన్ థీమ్ సార్. అమ్మాయిగారి బ్యాక్‌గ్రౌండ్‌కి కనెక్ట్ అవుతుందని మేడమే చెప్పారు." తల్లిగారు సిగ్గుపడుతూ నవ్వారు. మా మీద గౌరవంతో చేసిన పని అది. మా ఇళ్ళల్లో వల చినిగితే బాగుచేసుకోవడానికి రెండు పూటలు పడుతుంది, పెళ్ళిలో పెళ్ళికూతురి నెత్తిన వల వేలాడదీస్తే మా మేనత్తలు దండకం ఎత్తుకుంటారు అని చెప్పవచ్చు. చెప్పలేదు. చాలా బావుందండీ అన్నాను.

అప్పుడు కుర్రవాడు అసలు మాట చెప్పాడు. ఇసక మీద నూట యాభై కుర్చీలే పడతాయట. అబ్బాయి తరఫు డెబ్బై అయిదు, మా తరఫు డెబ్బై అయిదు. లెక్క ధర్మంగానే ఉంది. మా వీధిలో గడపలే మూడొందల పైచిలుకు.

"ఎక్కువమంది ఉంటే ఎలాగండీ?" అన్నాను.

"ప్రాబ్లెమ్ లేదు సార్. వెనకాల లాన్ తీసుకుంటే ఎంతమందైనా పడతారు. అక్కడ టెంట్ వేసేద్దాం, పెద్ద స్క్రీన్ పెట్టేద్దాం. ఈరోజు చెప్తే చాలు."

తల్లిగారు కూడా, "తీసుకోండి బాబూ. మీవాళ్ళంతా రావాలి కదా," అన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఈ మాట చెప్పాలి. ఎందుకంటే తరువాత ఎవరడిగినా నేను ఈ భాగం దాటేసి చెప్పాను. రిసార్టు రూలని చెప్పాను, బీచి పర్మిషనని చెప్పాను, అబ్బాయి వాళ్ళు ఒప్పుకోలేదని కూడా ఒకరిద్దరితో అన్నాను. అవన్నీ అబద్ధాలు. అడిగితే చాలు, చోటు ఉంది. ఆ పచ్చిక చూడగానే నాకు కనిపించింది వేరే దృశ్యం. లారీల మీద దిగుతున్న మా వీధి. చంకలో పిల్లలతో, పెద్ద గొంతులతో మా ఆడవాళ్ళు. పొద్దున్నే ఒక గుక్క వేసుకుని వచ్చే మా మామలు. గ్లాసులో మడిచి పెట్టిన గుడ్డ రుమాలు తీసి మెడ తుడుచుకునే మా బాబాయి. వీళ్ళందర్నీ హైదరాబాదు వాళ్ళు అదే ముచ్చటతో చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు. నాకు సిగ్గేసింది. మావాళ్ళని చూసి వాళ్ళు నవ్వుతారని కాదు, మావాళ్ళ పక్కన నేను నిలబడాల్సి వస్తుందని.

"వద్దులెండి. సింపుల్‌గానే కానిద్దాం," అన్నాను.

ఆ 'సింపుల్‌గా' అన్న మాట చాలా నాగరికంగా వచ్చింది. తల్లిగారు మెచ్చుకున్నారు కూడా.

ఇక పడవలు ఆపడం మిగిలింది. ప్లాంటులో పదిహేనేళ్ళు పనిచేసిన వాడికి ఏ సమస్యకైనా పరిష్కారం సర్క్యులరే కదా. మా సెక్షన్లో ఎవరి రిటైర్మెంటు విందైనా నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు, అందరికీ చెప్పినట్టే. నేను శుభలేఖలు రెండు రకాలు వేయించాను. మొదటిది డెబ్బై అయిదు మందికి, సముద్రం రంగు కవరులో. రెండోది వీధి మొత్తానికి. దాని అడుగున నేనే ఆలోచించి ఒక వాక్యం రాయించాను: 'స్థలాభావం వలన అందరినీ ఆహ్వానించలేకపోతున్నందుకు మన్నించి, తామున్న చోటి నుండే వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన. విందు తేదీ తరువాత తెలియజేయబడును.' మూడుసార్లు చదువుకున్నాను. ఎంత మర్యాదగా ఉందో! ఇంత మర్యాదగా ఎవర్నీ రావద్దని చెప్పి ఉండరు.

అమ్మకి చదివి వినిపించాను.

"తామున్న సోటు నుండంటే?"

"అంటే... ఇంట్లో ఉండే దీవించవచ్చు అని."

"నాను బొట్టెట్టడానికి యెల్లనురా," అంది అమ్మ. "గడపలోకెల్లి బొట్టెట్టి, రావొద్దని సెప్పీసి రావాలా? నుదురు మీద ఏలెట్టినాక ఆ మాట నా నోట రాదు."

"మరి పడవలు?"

"అందరికీ సెప్పీవోడివి నివ్వే. నివ్వే సెప్పు."

నా భార్యని పంపుదామనుకున్నాను. ఆవిడది భీమిలి వైపు మా వాళ్ళ పల్లే, పద్ధతులు తెలిసిన మనిషి. నా కార్డు చదివి, తిరిగి నా చేతిలో పెట్టి, కుక్కర్ విజిలొస్తోందని లోపలికి వెళ్ళిపోయింది. కుక్కరు పొయ్యి మీద లేదు.

చివరికి నేనే వెళ్ళాను. మగాడు బొట్టు పెట్టడు గనక ఆ బాధ లేదు. ఒక ఆదివారం పొద్దున్న ఒడ్డున రామమందిరం గోడకి రెండు కార్డులు అంటించాను. అక్కడ వల బాగుచేస్తున్న పెదనాన్నకి ఇంకొకటి చేతికిచ్చాను. సొంత పెదనాన్న కాదు, మా నాన్నతో ఒకే తెప్ప మీద వేటకెళ్ళినవాడు. నాన్న రాని రోజున తెప్పని ఒడ్డుకి తెచ్చిందీ, మూడు రోజులు అందరికంటే ముందు వెతకడానికి వెళ్ళిందీ ఆయనే. ఆయనకి చదువు రాదు. కార్డుని తలకిందులుగా పట్టుకుని బొమ్మ చూశాడు.

"ఏటిది బాబూ, సెల్లెలి పెళ్ళేటి? శుభం. ఎప్పుడు?"

చెప్పాను. ఎక్కడో చెప్పాను. చోటు తక్కువని కూడా చెప్పాను. "అందరికీ నువ్వే చెప్పాలి పెదనాన్నా. ఆ రోజు పడవలు..." అని ఆగాను. ఆయనే పూరిస్తాడనుకున్నాను.

ఆయన వల కన్నులో సూది దూర్చుతూ, "సరే, సెప్తాను," అన్నాడు.

ఏం చెప్తాడో నేను అడగలేదు. సరే అన్నాడు కదా, పని పూర్తయిందని కాగితం మీద టిక్కు పెట్టుకున్నాను. ఇంటికొచ్చి అమ్మతో, "పెదనాన్న చూసుకుంటానన్నాడు, పడవలు ఆగుతాయి," అని చెప్పాను. అమ్మ మొహం ఎంత విప్పారిందంటే, ఆ సాయంత్రం తనంతట తాను వెళ్ళి కొత్త గాజులు వేయించుకొచ్చింది. తెలిసిన వాళ్ళిళ్ళల్లో చేప అమ్ముతూ, మా పిల్ల పెళ్ళినాడు చేప దొరకదు, ముందే కొనుక్కోండి అని చెప్పుకుందట.

పెళ్ళి ముందు రోజు మండపం దగ్గర పంచాయితీ మొదలైంది. ఫోటోలకి సముద్రం వెనక ఉండాలి కాబట్టి వధూవరులు సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలని ఫోటోగ్రాఫరు. తూర్పు ముఖంగా కూర్చోవాలి, తూర్పున ఉన్నది సముద్రమే గనక దానివైపు తిరగాలని పంతులుగారు. అలా కూర్చుంటే ఫోటోలో వెనక వచ్చేది రిసార్టు వాళ్ళ జనరేటరు. గంటసేపు వాదించుకున్నారు. మా అమ్మ వెళ్ళి, "సముద్రానికి ఈపెట్టి మాలో ఎవులూ కూకోరు బాబూ. సిన్నపిల్లలక్కూడా అదే సెప్తాం, అల ఎనక నుండి కొడతాది," అంది. అందరూ మెచ్చుకోలుగా తల ఊపారు. తల్లిగారు ఆ మాటని తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. చివరికి ఉత్తరముఖమైనా దోషం లేదని పంతులుగారు దిగొచ్చారు. సముద్రం పక్కకి వచ్చింది. ఎవరి పంతమూ పూర్తిగా నెగ్గకపోవడంతో అందరూ తృప్తిగా భోజనాలకి వెళ్ళారు.

అమ్మ మాత్రం స్తంభం దగ్గర ఆగి, అలంకరణకి కట్టిన వలలో వేలు పెట్టి చూసింది. "ఇదేటి వలరా? ఈ కన్నులోంచి సొర కూడా దూరి పోతాది," అంది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

ముహూర్తం పొద్దున్న తొమ్మిది దాటాక. వాతావరణం పెళ్ళివారు మాట్లాడి పెట్టుకున్నట్టు ఉంది. నీలం సముద్రం, తెల్లటి కుర్చీలు, బంతిపూల పడవ. మావైపు డెబ్బై అయిదు మందిలో సగానికి పైగా ప్లాంటు వాళ్ళూ, చెల్లెలి స్నేహితులూ. వీధి నుంచి పిలిచిన పాతికమందిలో వచ్చింది మా మేనమామ కుటుంబం ఒక్కటే. పొద్దున్నే కదా, ఆటోలు దొరికి ఉండవులే అనుకున్నాను. నాకు నేను చెప్పుకునే తేలిక మాటలు కూడా బాగానే ఉంటాయి.

జీలకర్ర బెల్లం పెట్టించారు. అమ్మ మండపంలో ఓ పక్కన కూర్చుని ఉంది, సముద్రం ఆమెకి ఎదురుగా. నేను ఆమె వెనక నిలబడ్డాను. అప్పుడు దక్షిణం వైపు నుంచి, కొండ మలుపు దాటి ఒక పడవ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తరువాత నాలుగు కలిసి. చూస్తుండగానే మా ఎదురుగా నీళ్ళ మీద వరసగా పరుచుకున్నాయి. ఫైబరు బోట్లు, పాత తెప్పలు, మధ్యలో రెండు తెరచాపలు. వలలు వేస్తున్నారు. అంత దూరం నుంచి కూడా మనుషులు వంగి లేవడం తెలుస్తోంది.

కుర్చీల్లో కలకలం రేగింది. హైదరాబాదు చుట్టాలు లేచి నిలబడి చేతులు ఊపారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఫోటోగ్రాఫరు పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చి, "సార్, బోట్స్! అమేజింగ్ సార్! మీరే అరేంజ్ చేశారా?" అన్నాడు.

"అవును, నేనే," అన్నాను. ఆ పెళ్ళి మొత్తానికి నేను చెప్పిన నిజం అదొక్కటే.

అమ్మ కళ్ళు చికిలించి చూస్తోంది. మా వాళ్ళకి పడవ రంగుని బట్టి, దాని నడకని బట్టి ఎవరిదో తెలుస్తుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. పంతులుగారి మంత్రాలు తనూ అంటోందనుకున్నాను. వంగి వింటే ఇంటిపేర్లు. ఒక్కొక్క ఇల్లూ, ఒక్కొక్క ఇల్లూ. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి ఆగింది.

"అందర్నీ పిలిసినానన్నావు గదరా," అంది తల తిప్పకుండా. "అందరూ వచ్చినారు సూడు. ఒక్క గడప తప్పలేదు."

మంగళసూత్రం కట్టేటప్పుడు చెల్లెలు ఒక్కసారి పక్కకి చూసింది. అది కూడా ఆ ఇసకలో పెరిగిన పిల్లే. చూసి, తల కిందికి దించేసుకుంది. పెళ్ళికూతురు ఎంత సిగ్గుపడుతోందో అని వెనక వరసలో ఎవరో మురిసిపోయారు. అమ్మ లేచి అక్షింతలు వేసింది. నావి మాత్రం చెల్లెలి మీద పడకుండా గాలికి ఇసకలో పడ్డాయి. ఆ ఫోటో పెద్దది చేయించి వియ్యాలవారు తమ హాల్లో పెట్టుకున్నారు. చెల్లెలూ బావా మండపంలో, పక్కన నీలం సముద్రం, దాని నిండా పడవలు. ఎవరొచ్చినా ముందు దాన్నే చూపిస్తారు.

పెళ్ళయిన తరువాత రెండు రోజులూ నేను కోపంతో ఉడికిపోయాను. పగబట్టారనుకున్నాను. వీధంతా కూడబలుక్కుని, ముహూర్తం వేళకి సరిగ్గా మా కళ్ళముందే వల వేసి అమ్మ మొహం మీద కొట్టారనుకున్నాను. మూడో రోజు పొద్దున్న జాలరిపేట వెళ్ళాను. విందు తేదీ చెప్పడం పైకి సాకు. కడిగెయ్యాలనే వెళ్ళాను. పెదనాన్న తెప్ప పక్కన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏం పెదనాన్నా, మా మీద అంత కోపమేం? ఒక్కపూట ఆగలేకపోయారా?" అన్నాను. గొంతు లేచింది.

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "కోపమేటి బాబూ?"

"పెళ్ళినాడు పడవలేసుకుని మా ముందుకే వచ్చారు కదా!"

"అటేపు కానాగంత సేపలు కట్టగట్టినాయని కబురొస్తే యెల్లినాం. ఏదో రిసార్టన్నావు గానీ, అది అక్కడేనని నాకేటి తెల్సు?" ఆయన చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. "ఎవులి గడపకీ బొట్టు రాలేదు. అది హైదరాబాదోళ్ళ పెళ్ళనుకున్నాం. మన పెళ్ళయితే ఆగుదుము గాదేటి?"

ఆయన నా ఇబ్బంది చూసి, సర్దిచెప్పడానికన్నట్టు, "మీ యమ్మ ఆయాల పెళ్ళికెల్లింది, యేలానికి రాలేదు గదా అనీసి, దాని వాటా సేపలు తీసి మంచులో ఎట్టినాం. మర్నాడొచ్చి అట్టుకెల్లింది," అన్నాడు. "విందెట్టు. వత్తాం, తింటాం, దానికేటి."

అమ్మ ఒడ్డు దగ్గరే ఉంది. అప్పుడే వేలం పాడుకున్న చేపలు గంపలో సర్దుకుంటోంది. గాజులు తీసేసింది. పక్కన ఆడవాళ్ళు ఎప్పటిలాగే ఆమెతో మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు, పెళ్ళి బాగా జరిగిందా అని ఏ దూరపు చుట్టాల పెళ్ళి గురించో అడిగినట్టు అడుగుతున్నారు. బాగా జరిగిందనే చెబుతోంది. వాళ్ళు అటు వెళ్ళాక నేను దగ్గరికెళ్ళాను.

"వాళ్ళకి మన మీద కోపం లేదమ్మా. పెదనాన్నని అడిగాను," అన్నాను. ఓదార్పుగా ఉంటుందనే అనుకున్నాను.

"తెల్సు," అంది. "కోపముంటే బాగున్నురా. తిట్టీవోళ్ళు, నాను ఏడ్సీదాన్ని, అయిపోను." చేపల మీద తడిగుడ్డ కప్పింది. "లాను ఖాళీగా ఉందట గదా. వియ్యపరాలే సెప్పింది నాకు, మీ అబ్బాయే వద్దన్నారండీ అని."

నాకు తలెత్తడం చేతకాలేదు. క్షమించమని అడిగానో లేదో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. అడిగానని చెప్పుకోవాలని ఉంది గానీ, ఈ ఒక్క చోటైనా అబద్ధం రాయను.

అమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. ఎండెక్కిపోతోంది, కాలనీలో వంటలైపోతాయి అంది. గంప ఎత్తమంది. ఎత్తాను.